నాన్చకుండా దించిన ఓడ

తరంగపురి రాజ్యంలో అలలు ఎక్కువ, ఆజ్ఞలు తక్కువ.

అలల సంగతి సరే. సముద్రం మూడు వైపులా ఆ పట్నాన్ని కౌగిలించుకుని, నాలుగో వైపు కోసం కొండల్ని బతిమాలుతూ ఉంటుంది. కోట బురుజులు పగడపు రాతివి. వాటి మీద ఆల్చిప్పలు తాపడం చేశారు గనుక పొద్దు పొడిచేసరికి కోటంతా కొత్త చేపపొలుసులా నిగనిగలాడుతుంది. మేడల కొసలకు శంఖాలు బిగించారు. గాలి వీస్తే ఊరంతా ఊదుతుంది. ఊరంతా ఊదుతుంటే ఊరివాళ్ళు ఊరికే ఉండలేక పాడతారు. అంత సంబరమైన ఊరు.

ఆజ్ఞల సంగతే కష్టం. సింహాసనం మీద ఉన్నది నిదానవర్మ మహారాజు. పొద్దున్నే వంటవాడు వచ్చి, "ప్రభూ, పలహారానికి ఇడ్డెనలా, అట్లా?" అంటే, ప్రభువు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అట్లా అంటావా?" అంటాడు. వంటవాడు పరుగున వెళ్ళి అట్లు పోసుకొస్తాడు. "అట్లా అని మేమనలేదే! అట్లా అంటావా, అన్నాము. నువ్వేమంటావో విని అప్పుడు అందామని" అంటాడు ప్రభువు. అట్లు చల్లారిపోతాయి, ఆలోచన మాత్రం వేడివేడిగా సాగుతూ ఉంటుంది.

ఏడాదికి రెండంటే రెండే ఆజ్ఞలు వెలువడే రాజ్యంలో, వెలువడిన ఆజ్ఞకు ఎంత విలువ ఉంటుందో చూడండి. అక్షరం పొల్లుపోవడానికి వీల్లేదు. అక్షరం దాకా ఎందుకు, ఆజ్ఞలో పొల్లు ఉంటే ఆ పొల్లు కూడా పొల్లుపోకూడదు. ప్రజలు ఆ మాటను నెత్తిన పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు చేసి తీరవలసిందే.

ఈ ఏడాది రెండో ఆజ్ఞ పోయి పోయి ఒక పాత ఓడ మీద పడింది.

ఆ ఓడ పేరు 'ఓడనిది'. నలభై ఏళ్ళుగా ఒడ్డున ఇసుకలో బోర్లా పడుకుని, కడుపులో పీతల్ని కాపురం పెట్టించి, వీపు మీద వలలు ఆరబెట్టించుకుంటున్న ముసలి తెరచాప ఓడ. పేరు ఓడనిది, వాలకం ఓడినది. దాన్ని కట్టినవాడు సరంగు గురవయ్య వాళ్ళ తాత. సరంగు అంటే ఓడకు పెద్ద, దాన్ని నడిపించేవాడు. ఆ తాత ఒక్క ఇనుప మేకు కూడా వాడకుండా, పలకకీ పలకకీ కన్నాలు పెట్టి, కొబ్బరి పీచు తాడుతో రవిక కుట్టినట్టు కుట్టేశాడు.

గురవయ్య ఇప్పుడు ఉప్పుదిబ్బ అనే దీవి మీద ఉన్నాడు. ఉప్పుగా ఉన్నాడు.

ఆ దీవి జలగండుడనే మాంత్రికుడిది. సముద్రం ఉప్పగా ఉండడానికి తానే కారణమని వాడి గర్వం. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరంగులను ఉప్పు బొమ్మలుగా మార్చి కొండ మీద వరసగా నిలబెడతాడు. ప్రతి పున్నమికి ఒక బొమ్మను కిందికి దించి ఒడ్డు రాతి మీద పెడతాడు. సాయంత్రం పోటు వచ్చి ఆ బొమ్మను కరిగించుకుపోతుంది. ఈ పున్నమికి గురవయ్య వంతు. అంతకు ముందే ఎత్తుకొచ్చి, ఒంటి మీద తడి తగలకుండా, సొంత ఊరి ఇసుక మీద నిలబెడితే మళ్ళీ మనిషవుతాడు. దీవికి పోయే దారిలో సూదంటురాతి కొండ ఒకటి ఉంది. మేకులు కొట్టిన ఓడ దాని దగ్గరికి పోయిందా, మేకులన్నీ ఊడి కొండకు అతుక్కుంటాయి, పలకలన్నీ విడి సముద్రానికి అతుక్కుంటాయి. రాజుగారి కొత్త ఓడలు పదకొండు అలా పుల్లలైపోయాయి.

కనుక ఉప్పుదిబ్బకు పోగల ఓడ లోకంలో ఒక్కటే. అది బోర్లా పడుకుని ఉంది.

గురవయ్య కూతురు నూకాలు ఓడను వెల్లకిలా తిప్పించింది. ఆమె మేనబావ పైడన్న ఓడ వడ్రంగి. ఆయన పలక మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసి, చేతిలోకి ఊడొచ్చిన ముక్కను చూసి నిట్టూర్చాడు.

"ఏటే పిల్లా, ఇది ఓడా, అప్పడమా? ముట్టుకుంటే ఇరిగొచ్చేస్తంది."

"ఇరిగింది ఎందుకు సూస్తావు బావా? ఇరగనిది సూడు. ఇరిగిన కాడికి కొత్త పలక ఎయ్యి."

"అలగైతే పాత ఓడ ఏటి మిగుల్తాది?"

"పేరు మిగుల్తాది. పని మొదలెట్టు."

మొదలెట్టాడు. పీతలు కాపురం ఎత్తేశాయి. చెదలు పట్టిన పలకలు పోయి పనస పలకలు వచ్చాయి. విరిగిన తెరచాప కొయ్య పోయి పొన్నమాను వచ్చింది. ఓడకు పక్కటెముకల్లా లోపల వంపు చెక్కలుంటాయి. వాటిని అక్కడివాళ్ళు వంకలంటారు. పైడన్న ఒక వంక పెట్టడం, నూకాలు దానికి వంక పెట్టడం. ముప్పై రెండు వంకలు పెట్టేసరికి మూడు వందల వంకలయ్యాయి.

"ఈ వంక కూడా వంకరే!" అనేది.

"వంక వంకరగా ఉండక నిటారుగా ఉంటాదేటే! నీ ముక్కు నిటారుగా ఉందని ఓడంతా నీ ముక్కులాగ కట్టమంటావేటి?"

కుట్టుపని వచ్చేసరికి తగువు తగ్గింది. లోపల నూకాలు, బయట పైడన్న, మధ్యన పలక. ఈమె కన్నంలోంచి తాడు తోస్తే ఆయన లాగి, పక్క కన్నంలోంచి తిరిగి తోయాలి. ఒక్కోసారి కన్నంలోంచి తాడు రాకుండా కన్ను కనబడేది. అప్పుడు తాడు రావడానికి కొంచెం ఆలస్యమయ్యేది. ఆ కుట్లు ఎందుకో మిగతా వాటికన్నా బిగువుగా పడ్డాయి.

పున్నమి ఇంకా నాలుగు రోజులుందనగా రాయసం చిదంబరయ్య పల్లకీ దిగాడు. రాయసం అంటే రాజుగారి ఆజ్ఞలు రాసే ఉద్యోగి. ఏడాదికి రెండే ఆజ్ఞలు గనుక ఆయన చేతిరాత ముత్యాలు, ఒళ్ళు మూట. తాటాకు విప్పి గొంతు సవరించుకున్నాడు.

"శ్రీశ్రీశ్రీ నిదానవర్మ మహారాజుల వారి ఆజ్ఞ! ఓడనిది అను ఓడను పున్నమి నాటి మధ్యాహ్నము లోపల నాన్చకుండా నీటిలోనికి దింపవలెను!"

పైడన్న చేతిలోంచి కొయ్యసుత్తి జారిపోయింది.

"బాబయ్యా, నానబెట్టకుండానా? నలభై ఏళ్ళు ఎండిన సెక్కండీ ఇది. మూడు రోజులు నీళ్ళు పోసి నానబెడితే ఉబ్బుతాది, సందులు మూసుకుంటాయి. నానబెట్టకపోతే అది ఓడ కాదు, జల్లెడ."

"నాన్చకుండా అని ఉన్నది. నానరాదు."

నూకాలు ముందుకు వచ్చింది. "అది కాదండి బాబయ్యా. మారాజుగోరు ఆలీసం సెయ్యొద్దన్నారేమో! నాన్చొద్దు అంటే అదే కదండీ?"

రాయసం జాలిగా చూశాడు. "అమ్మాయీ, మహారాజుల వారు ఆలస్యము చేయవద్దని అన్నారంటావా? ఆ మహారాజుల వారా? ఒక్క క్షణం ఆలోచించి చెప్పు."

ఆలోచించింది. జవాబు దొరకలేదు. అక్కడున్న జనమంతా ఆలోచించారు. ఎవరికీ దొరకలేదు. కోటకు పరుగెత్తి రాజుగారినే అడుగుదామంటే, వాళ్ళకు దర్శనం ఇవ్వాలా వద్దా అని ప్రభువు ఆలోచిస్తున్నారని ద్వారపాలకుడు చెప్పాడు.

ఇక చూడండి ఓడకు పట్టిన రాజభోగం! ఇరవైమంది భటులు ఇరవై గొడుగులు పట్టుకుని చుట్టూ నిలబడ్డారు. సముద్రపు తుంపర తగలకుండా తడికలు కట్టారు. పైడన్న నుదుటి మీద చెమట బొట్టు కిందికి జారబోతే ఒక భటుడు ఉరికి గుడ్డతో అద్దేశాడు. ఒక కుక్క ఏదో ఆలోచనలో ఓడ పక్కకు వచ్చి కాలెత్తబోయింది. నలుగురు భటులు కలిసి దాన్ని పట్టి, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండగా ఊరవతలికి మోసుకుపోయారు.

"సరేనండి, నానబెట్టం. గుగ్గిలమైనా ఇప్పించండి. కరిగించి, నూనెలో కలిపి సందుల్లో కూరుకుంటాం. పది బస్తాలు" అన్నాడు పైడన్న.

రాయసం రాసుకున్నాడు. అప్పటికి మిట్టమధ్యాహ్నం దాటింది, ఆయన పొద్దుటినుంచీ ఏమీ తినలేదు. తినకుండా రాసేవాడి చేతికి కడుపు చెబుతుంది. గుగ్గిలం అని విన్నాడు, గుగ్గిళ్ళు అని రాశాడు.

పున్నమినాటి ఉదయం రాజుగారి కొఠారు నుంచి పది బస్తాలు దిగాయి. విప్పి చూస్తే శనగలు. పచ్చి, ఎండు, గట్టి శనగలు. వాటితో ఒక గంప నిండా ఎండుమిరపకాయల పొడి, ఆవాలు, కరివేపాకు. పైన ఒక చీటీ: 'కోరిన గుగ్గిళ్ళు. ఉడికించుటకు వ్యవధి లేనందున పచ్చివే పంపడమైనది. తాలింపు మీరే పెట్టుకొనవలెను.'

పైడన్న ఇసుకలో కూలబడ్డాడు. "అయిపోనాది. మామను ఉప్పు చేసి అక్కడ పెట్టినారు. శనగలు ఇక్కడికి పంపినారు. రెండూ కలిపితే సంతలో అమ్ముకోవచ్చు."

నూకాలు బస్తాలో చెయ్యి పెట్టింది. ఒక శనగ తీసి పంటికింద పెట్టి కొరికింది. పళ్ళు కదిలాయి గాని శనగ కదల్లేదు. దాన్నే చూస్తూ, చూస్తూ, చిన్నగా నవ్వడం మొదలెట్టింది.

"బావా! ఓడ నానకూడదన్నారు. శనగలు నానకూడదన్నారేటి?"

పైడన్న నోరు తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచి, లేచి గెంతేశాడు. "ఓలమ్మా! సందుల్లో శనగలు కూరెయ్యడమే! నీళ్ళు తగిల్తే ఉబ్బుతాయి! ఉబ్బితే బిరడాలే!"

ఊరంతా కూర్చుంది. ఆడా మగా, ముసలీ ముతకా, గొడుగులు పట్టుకున్న భటులు రెండో చేత్తో, అందరూ కలిసి సందు సందునా శనగలు కూరారు. పైన పీచు పెట్టి కొయ్యసుత్తులతో దట్టించారు. ఓడంతా శనగ నగలు పెట్టుకున్న పెళ్ళికూతురైంది. తొమ్మిది బస్తాలు పట్టింది. ఒక బస్తా, తాలింపు గంప దారిలో తినడానికని ఓడ వెనక ఎత్తు అరుగు మీద, తడి తగలకుండా పెట్టారు. నూకాలు తన ఇనుప కడియం తీసి ఒడ్డున పారేసింది. పైడన్న ఉలులు, సుత్తులు అన్నీ దించేశాడు. కోసే పనికి ఒక ఆల్చిప్ప కత్తి ఉంచుకున్నారు.

మధ్యాహ్నం గంట మోగబోతోంది. ఓడ కింద దుంగలు పరిచి, చేపనూనె పూసి, రెండు వందలమంది భుజాలు ఆనించారు.

"నూకాలి!" అని అరిచాడు పైడన్న.

"ఏటి బావా?" అంది ఓడ మీద నుంచి నూకాలు.

"నిన్ను కాదే! ఓడను నూకాలి!"

"ఓడను నూకాలు ఏటి? నాను నూకాలు."

"ఓర్నాయనో! ఒరే, అందరూ నూకండ్రా! నూకాలూ, నువ్వు నూకక్కర్లేదు!"

"నూకాలి! నూకాలి!" అని రెండు వందల గొంతులు అరిచాయి. అరిచినప్పుడల్లా "ఏటి? ఏటి?" అని పైనుంచి ఆమె. నవ్వు ఆపుకోలేక సగంమంది ఇసుకలో దొర్లారు. దొర్లినవాళ్ళ కాళ్ళు తన్నుకుని దుంగలు కదిలాయి. దుంగలు కదిలి ఓడ కదిలింది. నలభై ఏళ్ళ తరువాత ఓడనిది దభాలున సముద్రంలో పడి, పక్కకు వాలి, ఇటు ఒరిగి, లేచి నిలబడింది. ఊరి శంఖాలన్నీ ఒక్కసారి ఊదాయి. పైడన్న ఈదుకుంటూ వెళ్ళి తాడు పట్టుకుని ఎగబాకాడు.

ఎక్కీ ఎక్కగానే చీలమండల దాకా నీళ్ళు.

"సందు సందునా ఊట! తోడు పిల్లా, తోడు!"

తోడారు. మోకాళ్ళ దాకా వచ్చింది. తోడారు. తొడల దాకా వచ్చింది. తోడు, తొడ, తోడు, తొడ! ఇక నడుములే అనుకుంటుండగా ఎక్కడో 'టిక్' అంది. తరువాత 'టిక్ టిక్'. తరువాత ఓడంతా పెనంలో పేలాల్లా టికటికలాడింది. శనగలు ఉబ్బుతున్నాయి! ఒక్కో ధార సన్నబడింది, దారమైంది, బొట్టైంది, ఆగిపోయింది. కుట్లు కిర్రుమన్నాయి గాని తెగలేదు. మిగిలిన నీళ్ళు తోడిపోసి, ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి కడుపు నొప్పెట్టేలా నవ్వుకున్నారు. అంతలో ఒకరి మీద ఒకరు పడ్డామని గుర్తొచ్చి చెరో పక్కకు జరిగారు.

తెరచాప ఎత్తారు. గాలి దాన్ని నోటితో పట్టుకున్నట్టు పట్టుకుంది.

కోసు దూరం పోయారో లేదో ఓడ అడుగున 'టపా టపా' మోత. పైడన్న వంగి చూసి బిక్కచచ్చిపోయాడు. చేపలు! వెండి చేపలు, బంగారు చేపలు, మీసాల చేపలు, మొహం నిండా నోరే ఉన్న చేపలు, ఎక్కడెక్కడివో బంతికి వచ్చినట్టు వచ్చి, నానిన శనగల్ని సందుల్లోంచి పొడుచుకు తింటున్నాయి! తిన్న చోటల్లా మళ్ళీ ఊట.

"బావా, తాలింపు గంప!"

"ఇప్పుడు తాలింపేటే!"

"పచ్చి శనగలు తినీవోళ్ళకి రుసి తెలవాలి కదా!"

ఎండుమిరపకాయల పొడి గుప్పిళ్ళతో నీళ్ళలో చల్లింది. ఒక్క క్షణం సముద్రం నిశ్శబ్దమైపోయింది. ఆపైన ఒక చేప తుమ్మింది. దాని వెనక పది. ఆ వెనక పదివేలు. సముద్రంలో చేపలు తుమ్మితే ఎలా ఉంటుందో ఎవరూ చూసి ఉండరు. ప్రతి తుమ్ముకూ ఒక బుడగ, ప్రతి బుడగకూ ఒక గెంతు. ఆ తుమ్ముల తోపుకే ఓడ ముందుకు దూసుకుపోయింది. మిగిలిన బస్తా విప్పి ఖాళీ సందులు కూరుదామని పైడన్న వెనక్కి తిరిగాడు.

బస్తాలు రెండున్నాయి.

"తొమ్మిది కూరాం. ఒకటే కదా మిగలాలి?"

వేళ్ళు మడిచి మళ్ళీ లెక్కపెట్టే లోపల రెండో బస్తా కదిలింది. దానంతటదే లేచి, చిన్న చిన్న అడుగులతో, ఎవరో పిలిచినట్టు ఓడ కుడి అంచు దాకా నడిచి, దభీమని పలకలకు అతుక్కుంది. ఓడ మొత్తం ఆ పక్కకు ఒరిగిపోయింది.

కుడివైపు సూదంటురాతి కొండ! ఆకాశాన్ని గీరుతూ, నల్లగా, ఒళ్ళంతా ముళ్ళపందిలా. ఆ ముళ్ళన్నీ మునిగిపోయిన ఓడల మేకులు.

"బస్తాలో ఇనుముంది!" అని అరిచాడు పైడన్న.

"బస్తాలో మేమున్నాము" అంది బస్తా.

నూకాలు మూతి తాడు కోసేసరికి అందులోంచి ముందు కిరీటం లేని తల, తరువాత జడకట్టిన మీసాలు, ఆ తరువాత నిండు ఇనుప కవచంలో నిదానవర్మ మహారాజు. పలకకు బల్లిలా అంటుకుని ఉన్నారు.

"మారాజా! తమరిక్కడ?"

"మా పదకొండు ఓడలను ముంచిన మాంత్రికుడి మీదికి వెళ్ళవలెనా వద్దా అని రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాము. కోటలో తెగలేదు. మారువేషంలో బస్తాలో కూర్చుని ఆలోచిస్తే తెగుతుందేమోనని ఎక్కాము. మా ఆలోచన తెగేలోపల మీ ఓడ ఒడ్డుతో తెగతెంపులు చేసుకున్నది. ఇంతకూ నాన్చకుండా దింపినారు గదా? జాప్యమనిన మాకు గిట్టదు."

పైడన్న, నూకాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ముందే సెప్పలేపోయారా మారాజా!" అని నెత్తి కొట్టుకుంది నూకాలు. "కవచం ఇప్పండి, బేగి!"

"విప్పవలెనా? కవచము రాజలాంఛనము. విప్పకుండుటయే మేలా? రెండు పక్షములూ పరిశీలించి..."

ఓడ కుడి అంచు నీళ్ళలోకి దిగింది. ఆమె పరిశీలించకుండా ఆల్చిప్ప కత్తితో పట్టీలు పరపరా కోసేసింది. కవచం పెద్ద పక్షిలా ఎగిరి, గాలిలో రెండు చుట్లు తిరిగి, ఠంగుమని కొండకు కొట్టుకుంది. ఓడ ఒక్క ఊపున నిటారుగా లేచింది. తరంగపురి ప్రభువు పంచె ఒక్కటే కట్టుకుని ఓడ నడిమధ్యన వెల్లకిలా పడి, కళ్ళు మిటకరించి, "తేలికగా ఉన్నదే!" అన్నాడు. ఆ తరువాత ఎవరూ చెప్పకుండానే లేచి సందుల్లో శనగలు కూరడానికి కూర్చున్నాడు.

పొద్దు రెండు బారలుందనగా ఉప్పుదిబ్బ కనబడింది. తెల్లగా, ధగధగా, పాలమీగడ మీద చక్కెర చల్లినట్టు. ఉప్పు కొమ్మలకు ఉప్పు పువ్వులు, ఉప్పు మెట్లకు ఉప్పు సింహాలు. కొండ మీద వరసగా సరంగులు, ఉప్పు చేతులు కళ్ళ మీద అడ్డం పెట్టుకుని దూరంగా చూస్తున్నట్టు. కింద ఒడ్డు రాతి మీద ఒక్కడే గురవయ్య. అవే గుబురు మీసాలు, అదే ముందుకు పొడుచుకొచ్చిన పొట్ట, నోట్లో అదే చుట్ట, అన్నీ ఉప్పు. పోటు అప్పుడే రాతి అంచును నాకుతోంది. ఎడమ కాలి చిటికెన వేలు లేదు.

అంతసేపూ నవ్వుతూ వచ్చిన నూకాలు నవ్వలేదు. రాతి మీదికి దూకి తండ్రి పాదాల ముందు కూర్చుని, తన కొంగును మడిచి, ఆ వేలు పోయిన చోట మెల్లగా అద్దింది.

"అయ్యా, నాను. నీ తాత ఓడ తెచ్చినాను. బావ బాగానే కట్టినాడులే, వంకలే కొంచెం వంకర."

పైడన్న ఒక పక్క, రాజుగారు ఒక పక్క చెయ్యి వేశారు. రాజుగారు ముందు తన పంచె కొంగుతో అరచేతుల చెమట తుడుచుకున్నారు. అలను తప్పించి, అలకీ అలకీ మధ్య అడుగు వేసి, ముగ్గురూ గురవయ్యను మోసి ఓడ నడుమన పొడి చాపల మీద పడుకోబెట్టారు. పైడన్న ఓడను వెనక్కి తిప్పాడు. తెరచాప నిండా గాలి.

అప్పుడు దీవి వెనక నుంచి పీత వచ్చింది. ఇల్లంత పీత. దాని మీద జలగండుడు. ఆకుపచ్చని జడల్లోంచి నీళ్ళు కారుతూ, మెడలో శంఖాల దండతో. పీత అడ్డంగా నడుస్తుంది గనుక వాడూ అడ్డంగానే కూర్చున్నాడు, మెడ ఒక్కటే ఇటు తిప్పాడు. కూర్చోవడమే కాదు, మాట్లాడడమూ అడ్డంగానే.

"ఎవరర్రా నా ఉప్పు ఎత్తుకుపోయేది? నా ఉప్పు తిన్నవాళ్ళకే విశ్వాసం లేదు, ఎత్తుకుపోయేవాళ్ళకు ఉంటుందా?"

"నీ ఉప్పేటి? మా అయ్య!" అని చుక్కాని దగ్గర నుంచి అరిచింది నూకాలు.

"ఉప్పు పట్టుకెళ్ళినవాళ్ళకు ఉప్పెన తప్పదు!"

"తేరా ఉప్పెన! ఓడనిది ఓడదు!"

గాలి మంచిది. ఓడ చేపలా పోతోంది. అడ్డంగా నడిచే పీత ఎంత వేగంగా నడిచినా వెనకబడుతోంది. పైడన్న ఆనందం పట్టలేక పీతకు దండం పెట్టాడు. రాజుగారు కూడా పెట్టబోయి, పెట్టవలెనా అని ఆగారు.

జలగండుడు తల వంచి, తన జడలన్నీ పట్టుకుని, తడిబట్ట పిండినట్టు పిండి, ఆకాశానికి విసిరాడు. నల్లటి మబ్బు ఒకటి లేచి, గబగబా సముద్రం మీద పాకి, ఓడ నెత్తి మీదికి వచ్చి ఆగింది.

చుక్కాని మీద ఒక చుక్క పడింది.

"అల తుంపరేమో" అన్నాడు పైడన్న.

"కాదు. చల్లగా ఉంది" అంది నూకాలు.

రెండో చుక్క గురవయ్య భుజం మీద పడింది. పడిన చోట శనగగింజంత గుంట పడింది. రాజుగారు ఏమీ ఆలోచించకుండా ఆయన మీదికి వంగి వీపు అడ్డం పెట్టారు. వీపు వెడల్పైనదే, కాని గురవయ్య అంతకన్నా వెడల్పు. మూడో చుక్క మీసం కొస మీద.

బస్తాలు రెండే, అవీ చిరుగులు. చాపలు ఆయన కిందున్నాయి. ఓడ మొత్తంలో చేపనూనె పట్టించినది, నీరు దిగనిది, మనిషిని నిలువునా కప్పగలిగినది ఒక్కటే ఉంది. అది వాళ్ళ నెత్తి మీద గాలికి ఉబ్బి, వాళ్ళను ఇంటికి లాగుతోంది.

"తెరచాప దించు బావా."

పైడన్న వెనక్కి చూశాడు. పీత వస్తోంది. "దించితే ఓడ నిలబడిపోద్దే! ఇక్కడే, నడి సముద్రంలో. ఆడు వచ్చేస్తాడు."

"రానీ. బొట్టు బొట్టుగా అయ్య ఇక్కడే పోతే, ఇంటికాడ ఇసక మీద ఎవర్ని నిలబెడతాను?"

చినుకులు దట్టమయ్యాయి.

"తెర దించు!"

పైడన్న తాడు వదిలేశాడు. తెర దిగింది. గాలి చేతులు ఖాళీ అయ్యాయి. పరుగెత్తుతున్న ఓడ నడక పట్టి, నడక తప్పి, చివరికి ఉన్నచోట ఊగుతూ నిలబడిపోయింది. ముగ్గురూ కలిసి తెరచాపను గురవయ్య మీదికి లాగి, అంచులు ఒళ్ళ కింద తొక్కిపెట్టి, తామూ దాని కిందే ముడుచుకున్నారు. పైన వాన డోలు వాయిస్తోంది. నూకాలు చీకట్లో తండ్రి భుజం, మీసం, పాదం ఒక్కొక్కటే తడిమింది.

"పొడిగా ఉన్నాడు" అంది.

ఓడ అంచు మీద పీత మొదటి కొండి పడింది.